ఆట డబ్బా, ఫోన్ దుకాణం, మా అబ్బాజాన్

మొన్న ఈద్ మరుసటి రోజు రాత్రి భోజనాలయ్యాక, దస్తర్‌ఖాన్ ఇంకా తీయకముందే మా చిన్నోడు తన ఈదీ డబ్బులు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. ఇంటర్ మొదటి సంవత్సరం వాడు. "అబ్బా, ఇవి పోను మిగతాది నువ్వు వేసుకో, గేమింగ్ ఫోన్ కొనుక్కుంటా" అన్నాడు. వాళ్ల అమ్మీ నావైపు చూసింది. నేను నీళ్ల గ్లాసువైపు చూశాను.

వాడు నా ఖామోషీని ఒప్పుకోలు అనుకున్నట్టున్నాడు. "అసలు నింటెండో వాళ్లే ఒక ఫోన్ చేస్తే ఎంత బాగుండేది అబ్బా! బటన్లూ ఉంటాయి, మారియో ఉంటాడు, ఫోనూ ఉంటుంది. ఒకే ఖర్చు. ఇంత పెద్ద కంపెనీకి ఆ మాత్రం అకల్ లేదా?" అన్నాడు.

నవ్వేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే సరిగ్గా ఇదే సవాల్ ఇరవై ఏళ్ల కింద ఇంకొకరిని నేను అడిగాను, ఇంకా కఠినంగా. ఆయన మా అబ్బాజాన్. కర్నూలు వన్‌టౌన్‌లో ఆయనకు ఒక చిన్న గడియారాల దుకాణం ఉండేది. "ఎన్నాళ్లిలా భూతద్దం కంటికి పెట్టుకుని కూర్చుంటావు, ఫోన్లు పెట్టు, జమానా మారింది" అని అరిచాను. ఆ ఖిస్సా చివర్లో చెబుతాను. ముందు చిన్నోడి సవాల్‌కి జవాబు వెతుకుదాం. ఇది కంపెనీల సంగతిలాగే కనిపిస్తుంది గానీ, దుకాణం పెట్టుకుని బతికే ప్రతి ఖాందాన్‌కీ ఏదో ఒక రోజు ఎదురయ్యే సవాల్.

నింటెండో పేరు తెలియకుండానే మా తరం వాళ్ల ఆటలు ఆడింది. తొంభైల్లో మన పట్నాల్లో 'వీడియో గేమ్' అంటే టీవీకి తగిలించే ఒక డబ్బా, దానిలో దూర్చే పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద వేల ఆటలున్నాయని రాసేవారు, లోపల చూస్తే అవే నాలుగైదు తిరిగి తిరిగి వచ్చేవి. మా గల్లీ చివర ఒకాయన అరగంటకింత అని పుచ్చుకుని ఆడనిచ్చేవాడు. నా ఈదీ ఎన్నోసార్లు అక్కడే ఖర్చయింది. అవన్నీ నింటెండో వాళ్ల ఫామికామ్ అనే యంత్రానికి నకళ్లని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మీసాల మారియోని మనం నకిలీ డబ్బాలోనే కలిశాం.

అసలు కంపెనీ తారీఖ్ 1889లో మొదలవుతుంది. జపాన్‌లోని క్యోటో నగరంలో ఫుసజిరో యమౌచి అనే ఆయన హనఫుడా అనే పూల బొమ్మల పేకముక్కలు చేసి అమ్మేవాడు. యంత్రం లేదు, కరెంటు లేదు. అరవై ఏళ్ల తర్వాత, 1949లో ఆ ఖాందాన్ కుర్రాడు హిరోషి యమౌచి దుకాణం చేతికి తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు.

ఈ హిరోషి యమౌచికి పేకముక్కలతో తృప్తి లేదు. 1960లలో చేతికి దొరికిన ప్రతి కారోబార్‌లోనూ వేలు పెట్టాడు. టాక్సీలు నడిపించాడు. నీళ్లు పోస్తే తయారయ్యే అన్నం పొట్లాలు అమ్మాడు. ఏదీ నిలబడలేదు. చిన్నోడికి నేను మొదట చెప్పాల్సింది ఇదే అనుకున్నాను: నింటెండో కొత్త పని అంటే భయపడే కంపెనీ కాదు. తన హునర్ కాని పనుల్లోకి ఒకప్పుడు ఆశగా వెళ్లి, చెయ్యి కాల్చుకుని వెనక్కి వచ్చిన కంపెనీ.

వాళ్లను నిలబెట్టింది బయటి కారోబార్ కాదు, లోపలి మనిషి. ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే గున్‌పే యోకోయి అనే ఉద్యోగి ఖాళీగా ఉన్నప్పుడు కర్రల కత్తెరలా సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే ఒక ఖిలోనా చేసుకున్నాడు. యమౌచి అది చూసి తిట్టలేదు, అమ్మకానికి పెట్టమన్నాడు. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో వచ్చిన ఆ ఆటవస్తువు పది లక్షలకు పైగా అమ్ముడైంది. పేకముక్కల కంపెనీ ఆటవస్తువుల కంపెనీ అయింది.

అదే యోకోయి ఒకసారి రైల్లో వెళ్తుంటే, పక్కన ఒక ఉద్యోగి పొద్దుపోక జేబు కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కూర్చోవడం చూశాడట. అందులోంచి పుట్టిందే 1980 నాటి 'గేమ్ అండ్ వాచ్'. అరచేతిలో పట్టే ఒక ఆట, అదే తెర మీద సమయం చూపించే గడియారం. కాలిక్యులేటర్ల కోసం అప్పటికే లక్షల్లో తయారై చవకబారిన తెరలను తీసుకుని వాటితో ఆట చేశాడాయన. యోకోయి సూత్రం అదే: కొత్తదీ ఖరీదైనదీ వెంట పరిగెత్తకు, అందరికీ పాతబడి చవకైన దాన్ని తీసుకుని ఎవరికీ తట్టని పనికి వాడు. 1989లో వచ్చిన గేమ్ బాయ్ కూడా ఆ సూత్రంతోనే నిలిచింది. పోటీదారులు రంగుల తెరలు తెచ్చారు. గేమ్ బాయ్ తెర ఆకుపచ్చ మసక. కానీ నాలుగు చిన్న బ్యాటరీలతో గంటలకొద్దీ నడిచేది. రంగుల తెరల వాటికి ఆరేసి కావాలి, అవీ తొందరగా అయిపోయేవి. మసక తెరే గెలిచింది.

ఇప్పుడు అసలు హిసాబ్‌కి వద్దాం. గేమ్ కన్సోల్ కంపెనీ బతికేది డబ్బా అమ్మి కాదు, ఆ డబ్బాకి ఉన్న దర్వాజా మీద. 1985లో అమెరికాలో నింటెండో తన యంత్రం పెట్టినప్పుడు లోపల ఒక తాళం చిప్ పెట్టింది. కంపెనీ ఇజాజత్ లేని క్యాసెట్ దూరిస్తే యంత్రం నడవదు. బయటివాళ్లు ఆట చేయాలంటే నింటెండో షరతులు ఒప్పుకోవాలి, క్యాసెట్లు నింటెండో దగ్గరే చేయించుకోవాలి, డబ్బు ముందే కట్టాలి. కఠినమైన షరతులే. కానీ అంతకు రెండేళ్ల ముందు, 1983లో, అమెరికా ఆటల మార్కెట్ మొత్తం కుప్పకూలింది. ఎవరు పడితే వాళ్లు చేసిన నాసిరకం మాల్ దుకాణాల్లో గుట్టలుగా పేరుకుపోవడం దానికి ఒక ముఖ్య కారణం. నింటెండో ఆ సబక్ చూసి తాళం వేసుకుంది. డబ్బాను తక్కువ లాభానికి ఇవ్వు, లోపలికొచ్చే ప్రతి ఆట మీద ఆమ్దనీ తీసుకో, నీ సొంత ఆటలు అన్నిటికన్నా బాగా చెయ్యి. తర్వాత సోనీ, మైక్రోసాఫ్ట్ కూడా ఈ దారిలోనే నడిచాయి.

దర్వాజా ఎవరిదో వాడే మాలిక్. లోపల ఎంత పెద్ద దుకాణం ఉన్నా మిగతావాళ్లు కిరాయిదారులే. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఇక మీదట చెప్పేదంతా అర్థమవుతుంది.

2007లో ఐఫోన్ వచ్చింది. 2008 జూలైలో దానిలో యాప్ స్టోర్ తెరుచుకుంది. ఆ దర్వాజా ఆపిల్‌ది. అప్పట్లో ఎవరు ఆట అమ్మినా నూటికి ముప్పై ఆపిల్‌కి పోయేది. గూగుల్ కూడా ఆండ్రాయిడ్‌లో అదే లెక్క పెట్టింది. ఆట ఖరీదు ఒక్క డాలర్‌కి పడిపోయింది, తర్వాత ముఫ్త్ అయింది. మొదట నింటెండోకి నొప్పి తెలియలేదు. 2004లో వచ్చిన డీఎస్ అనే రెండు తెరల యంత్రం చివరికి 15 కోట్లు దాటింది. 2006 నాటి వీ పది కోట్లు దాటింది. గల్లా నిండి ఉంది.

దెబ్బ 2011లో పడింది. ఫిబ్రవరిలో జపాన్‌లో 25,000 యెన్లకు వచ్చిన 3డీఎస్ అనుకున్నట్టు కదలలేదు. ఆరు నెలలు తిరగకముందే ఖరీదు 15,000 యెన్లకు దించేశారు. కంపెనీ సదర్ సతోరు ఇవాతా తన జీతం సగం కోసుకున్నాడు. 2012 మార్చితో ముగిసిన సంవత్సరానికి కంపెనీ నుక్సాన్ దాదాపు 4,300 కోట్ల యెన్లు. ఆ ఏడాది చివర్లో వచ్చిన వీ యూ ఇంకా ఘోరం. మొత్తం జిందగీలో 1.36 కోట్లు కూడా దాటలేదు. 2014లో ఇవాతా మరోసారి జీతం సగం కోసుకున్నాడు.

అప్పుడే ప్రతి వైపు నుంచీ మష్వరాలు మొదలయ్యాయి. పెట్టుబడిదారులు, పత్రికలవాళ్లు, ఆటల షౌకీన్లు అందరూ అన్నారు: డబ్బాలు ఆపెయ్యండి, ఆటలు ఫోన్‌లో పెట్టండి. ఇంకొందరు మా చిన్నోడిలాగే అన్నారు: మీరే ఒక ఫోన్ చెయ్యండి. బటన్లుండే, మారియో ఉండే ఫోన్.

ఇవాతా ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోనక్కర్లేదు. ఆ పని చేసినవాళ్ల అంజామ్ మన ముందే ఉంది.

మొదటి ఖిస్సా తలకిందులుది. ఫోన్ల కంపెనీ ఆట డబ్బా చేసిన కథ. 2003 అక్టోబర్‌లో నోకియా 'ఎన్‌గేజ్' తెచ్చింది. అప్పట్లో ఫోన్ల ప్రపంచానికి నోకియానే సుల్తాన్. కానీ ఎన్‌గేజ్‌లో ఆట మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, కార్డు పెట్టాలి. మాట్లాడాలంటే ఫోన్ అంచును చెవికి ఆనించుకోవాలి. దారిన పోయేవాళ్లు నవ్వేవారు. మరుసటి ఏడాది ఆ లోపాలు సరిచేసి ఇంకోటి తెచ్చినా షౌకీన్లు గేమ్ బాయ్ వదిలి రాలేదు. రెండు పనులు చేసే వస్తువు రెండిట్లోనూ ఇబ్బంది పెడితే జనం దాన్ని ఏ పనికీ తీసుకోరు.

రెండోది సోనీ. ప్లేస్టేషన్ చేసే సోనీకి ఫోన్ల పని కొత్త కాదు, ఎరిక్సన్‌తో కలిసి 2001 నుంచీ చేస్తోంది. 2011లో ఆ ఉమ్మడి కంపెనీ 'ఎక్స్‌పీరియా ప్లే' తెచ్చింది. చిన్నోడు కలగన్న ఫోన్ అదే. తెర పైకి జరిపితే కింద ప్లేస్టేషన్ బటన్లు. పాత ప్లేస్టేషన్ ఆటలు కూడా కొన్ని అందులో ఆడుకోవచ్చు. కానీ లోపల నడిచేది ఆండ్రాయిడ్, అంటే దర్వాజా గూగుల్‌ది. పైగా అదే ఏడాది డిసెంబర్‌లో ప్లేస్టేషన్ విభాగం వీటా అనే జేబు యంత్రం విడిగా దించింది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు పక్కపక్కనే రెండు దుకాణాలు తెరిచి ఒకే గిరాకీని పిలిచినట్టు. ఆట చేసేవాళ్లకి ఎటు వెళ్లాలో తెలియలేదు. ఎక్స్‌పీరియా ప్లేకి వారసుడు రాలేదు. వీటా కూడా కుంటుతూ నడిచి 2019లో ఆగిపోయింది.

మూడోది మైక్రోసాఫ్ట్. దీనిలో మనకు కొంచెం దగ్గరి సంగతి ఉంది. ఎక్స్‌బాక్స్ చేసే ఈ కంపెనీ 2010లో విండోస్ ఫోన్ తెచ్చి, దానిలో ఎక్స్‌బాక్స్ ఆటలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. ఇక్కడ దర్వాజా సొంతమే. అయినా యాప్‌లు చేసేవాళ్లు అప్పటికే ఆపిల్, గూగుల్ గల్లీల్లో స్థిరపడ్డారు, మూడో గల్లీకి రాలేదు. అయినా ఆగకుండా 2013 సెప్టెంబర్‌లో నోకియా ఫోన్ల కారోబార్‌నే కొంటామని ఎలాన్ చేసింది. ఖరీదు 700 కోట్ల డాలర్లకు పైమాటే.

ఆ కొనుగోలు పూర్తయ్యేలోపు, 2014 ఫిబ్రవరిలో, కంపెనీ పగ్గాలు సత్య నాదెళ్ల చేతికొచ్చాయి. హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేట్‌లోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మన తెలుగువాడు. నోకియాని కొనాలా వద్దా అని లోపల మష్వరా చేసినప్పుడు తాను వద్దనే చెప్పానని ఆయన తర్వాత తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో రాసుకున్నారు. మార్కెట్‌కి మూడో ఫోన్ ఎందుకు అవసరమో ఆయనకు అర్థం కాలేదు. కానీ ఫైసలా అప్పటికే అయిపోయింది. 2014 జూలైలో 18,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. వాటిలో 12,500 దాకా నోకియా నుంచి వచ్చినవే. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లు నుక్సాన్ కింద రాసేశారు. మొదట ప్రకటించిన ధర కన్నా ఎక్కువ!

ఆ లెక్కల్లో కనిపించని మనుషులు కూడా ఉన్నారు. చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్‌లో నోకియాకి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. పన్నుల తగాదా వల్ల అది మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లలేదు. కొన్నాళ్లు మైక్రోసాఫ్ట్ కోసమే ఫోన్లు చేసిపెట్టింది. ఆ ఆర్డర్ కూడా ఆగాక 2014 నవంబర్ 1 నుంచి పని నిలిచిపోయింది. అంతకుముందే వేల మంది రాజీనామా డబ్బులు తీసుకుని ఇళ్లకు పోయారు. వాళ్లలో చాలామంది మొదటి జీతం అక్కడే చూసిన ఆడపిల్లలు. పెద్దల లాలచ్ తప్పినా, హిసాబ్ తప్పినా, కర్చు రాసేది మాత్రం చిన్నవాళ్ల ఖాతాలోనే.

ఒక మాట ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. 2023లో ఒక ముఖాముఖిలో నాదెళ్ల తన తప్పుల గురించి అడిగితే, ఫోన్ల నుంచి పూర్తిగా తప్పుకోవడాన్నే చెప్పారు. వేరే దారిలో దాన్ని నిలబెట్టుకుని ఉండొచ్చేమో అన్న అర్థంలో. వద్దన్నవాడికే తర్వాత సందేహం వచ్చింది. కాబట్టి ఇది తేలిక సవాలేమీ కాదు.

మళ్లీ క్యోటోకి వద్దాం. ఇవాతా ఫోన్ చేయలేదు. ఆటలు ఫోన్‌లో పెట్టమన్న మష్వరాని కూడా చాలాకాలం కాదన్నాడు. అలా చేస్తే కొన్నాళ్లు ఫాయిదా ఉంటుంది గానీ నింటెండో నింటెండోగా మిగలదని ఆయన ఖయాల్. ఉద్యోగుల్ని తీసేసి లెక్కలు బాగు చేయమంటే దానికీ ఒప్పుకోలేదు. ఉద్యోగం ఎప్పుడు పోతుందో అని భయపడేవాడు జనాన్ని ఖుష్ చేసే ఆట ఎలా చేస్తాడు అని అడిగాడు.

కానీ జిద్ పట్టుకుని కూర్చోలేదు కూడా. 2015 మార్చిలో డీఎన్‌ఏ అనే మొబైల్ కంపెనీతో పొత్తు ప్రకటించాడు. మా పాత్రలతో ఫోన్‌లో ఆటలొస్తాయి అన్నాడు. అదే రోజు, అదే వేదిక మీద, కొత్త ఆట డబ్బా ఒకటి తయారవుతోందని కూడా చెప్పాడు, ఫోన్లకు వెళ్తున్నాం గనక ఇల్లు ఖాళీ చేస్తున్నాం అని ఎవరూ అనుకోకూడదని. నాలుగు నెలల తర్వాత, 2015 జూలై 11న, ఇవాతా చనిపోయాడు. వయసు 55. తను చెప్పిన డబ్బాని ఆయన చూడలేదు.

ఫోన్‌లో మెహమాన్‌గా వెళ్లినప్పుడు ఏమైందో చూడండి. 2016 జూలైలో పోకెమాన్ గో వచ్చి దునియా మొత్తం వీధుల్లో తిరిగింది. నింటెండో షేర్ కొద్ది రోజుల్లోనే రెట్టింపైంది. అప్పుడు కంపెనీయే ముందుకొచ్చి, ఆ ఆట చేసింది మేం కాదు, పోకెమాన్ కంపెనీలో మా వాటా నూటికి 32 మాత్రమే, మాకొచ్చేది తక్కువే అని చెప్పింది. ఆ తర్వాతి సోమవారం షేర్ నూటికి 18 దాకా పడింది. డిసెంబర్‌లో సూపర్ మారియో రన్ వచ్చింది. నాలుగు రోజుల్లో నాలుగు కోట్లసార్లు దించుకున్నారు. మొదటి కొన్ని దశలు ముఫ్త్, మిగతాది పది డాలర్లు. ముఫ్త్ దగ్గరే చాలామంది ఆగిపోయారు. 20 కోట్లసార్లు దించుకున్నాక కూడా ఆశించిన లాభం రాలేదని కంపెనీయే ఒప్పుకుంది. మారియో అంతటివాడు వచ్చినా ఫోన్ మీద ఆటకు పది డాలర్లు పెట్టే ఆదత్ జనానికి లేదు.

కానీ మారియో ముఖం కోట్లమంది చేతుల్లోకి వెళ్లింది. ఆ ముఖం చూసినవాళ్లకి 2017 మార్చి 3న అసలు ఇల్లు చూపించారు. దాని పేరు స్విచ్. టీవీకి తగిలించొచ్చు, చేతిలో పట్టుకుని తిరగొచ్చు. ఇప్పటికి 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఈ స్విచ్‌ని విప్పి చూస్తే నాకు గున్‌పే యోకోయి గుర్తొస్తాడు. లోపలి చిప్ టాబ్లెట్‌ల లాంటి యంత్రాల కోసం ఎన్విడియా అప్పటికే చేసి పెట్టినది. వేలితో తాకే తెర, కదలిక పసిగట్టే పరికరం, లోపలి బ్యాటరీ, ఇవన్నీ ఫోన్ల వల్ల చవకబడ్డ వస్తువులే. కాలిక్యులేటర్ తెరలతో గేమ్ అండ్ వాచ్ చేసినట్టే, ఫోన్ సామాన్లతో ఆట డబ్బా చేశారు. ఒక్క సిమ్ కార్డు మాత్రం పెట్టలేదు. శత్రువు సంతలో సామాను కొనుక్కుని తన ఇల్లు కట్టుకున్నట్టు.

సిమ్ పెట్టకపోవడం వెనక ఉన్న హిసాబ్ చిన్నోడికి ఇలా చెప్పాను. ఆట డబ్బా ఒకసారి చేస్తే ఐదారేళ్లు అదే. ఆట చేసేవాడికి ఆ యంత్రం ఇంచు ఇంచూ తెలుసు, రోజురోజుకూ మెరుగైన ఆట తెస్తాడు. ఫోన్ ఏడాదికొకటి మారాలి, లేకపోతే పాతదంటారు. దానికి కెమెరా కావాలి, నెట్‌వర్క్‌లతో ఒప్పందాలు కావాలి, బ్యాంకు యాప్ నడవాలి, ప్రతి నెలా భద్రత మరమ్మత్తులు పంపాలి. ఇన్ని చేసినా దర్వాజా ఇంకొకడిది. ఆట బ్యాటరీ తాగేస్తే అర్జెంటు ఫోన్ రాదు. ఫోన్ మోగితే ఆట ఆగుతుంది. అందుకే ఫోన్ చేయకపోవడం నింటెండో పిరికితనం కాదు, తన రోజీ ఎక్కడి నుంచి వస్తుందో దానికి తెలుసు అని నా ఖయాల్.

తల్లిదండ్రులుగా మనకు పనికొచ్చే ముచ్చట ఇంకొకటి. స్విచ్‌తో పాటే కంపెనీ ఒక యాప్ ఇచ్చింది. అది పిల్లల కోసం కాదు, అమ్మీ అబ్బాల ఫోన్‌లో పెట్టుకునేది. బచ్చా ఎంతసేపు ఆడాడు, ఏ ఆట ఆడాడు చూడొచ్చు, రోజుకు ఇంత అని హద్దు పెట్టొచ్చు. ఫోన్ పెద్దల చేతిలో, ఖిలోనా పిల్లల చేతిలో. రెండూ ఒకే వస్తువైతే ఆ హద్దు ఎక్కడ గీస్తాం? చదువుకోసమని ఇచ్చిన ఫోన్‌లో ఆట ఎప్పుడు మొదలైందో, ఆట ఎప్పుడు వీడియోలైందో, రాత్రి రెండింటికి దుప్పటి కింద వెలుగు ఎందుకుందో మన ఇళ్లన్నిటికీ తెలిసిన సంగతే. ఆటకు ఒక ముగింపు ఉంటుంది. డబ్బా ఆపి పక్కన పెడితే ఆట అయిపోతుంది. ఫోన్‌ని పక్కన పెట్టడం పెద్దవాళ్లం మనకే చేతకావడం లేదు.

ఇప్పుడు మా అబ్బాజాన్ సంగతి. ఆయన చేతిలో హెచ్ఎంటీ గడియారాలు పసిపిల్లల్లా నిద్రపోయేవి, లేచేవి. కీ ఇచ్చే గడియారాలు పోయి బ్యాటరీవి వచ్చినప్పుడు ఆయన ఆ పని నేర్చుకున్నాడు. కానీ 2004లో ఫోన్లు పెట్టమన్నప్పుడు ఒప్పుకోలేదు. "నేను విప్పి బాగు చేయలేనిదాన్ని గిరాకీకి ఏ మొహంతో అమ్మను?" అన్నాడు. నేను అన్న జవాబు ఇక్కడ రాయలేను. నాలుగేళ్లలో దుకాణం సగమైంది. ఆ సగం కూడా కిరాయికి ఇవ్వాల్సి వచ్చింది. అమ్మీ మిషన్ కుట్టి నా చెల్లెలి ఫీజులు కట్టింది. ఆయన చివరి రోజుల్లో కూడా నా మనసులో ఉండేది: వినుంటే ఇలా అయ్యేది కాదు.

నింటెండో తారీఖ్ చదివాక ఆయనే నిజమని జెండా ఎగరేయాలని నాకు అనిపించింది. కానీ హకీకత్ అంత తేలిగ్గా లేదు. ఇవాతా సబర్ చేయగలిగాడు, ఎందుకంటే వీ, డీఎస్ సంపాదించి పెట్టిన గల్లా ఆయన వెనక ఉంది. రెండు మూడేళ్ల నుక్సాన్ తట్టుకునే ఖజానా ఉంది. మా అబ్బాజాన్ గల్లాలో మరుసటి వారం కిరాయి కూడా ఉండేది కాదు. సబర్‌కి కూడా పెట్టుబడి కావాలి. అది లేనివాడిని జిద్దీ అనడం సులువు. అది ఉన్నవాడిని తెలివైనవాడు అనడం అంతకన్నా సులువు.

అయినా ఒక విషయంలో ఆయన్ని నేను తప్పుగా చూశాను. మా తమ్ముడు అబ్బాజాన్ పక్కన కూర్చుని చిమటా పట్టడం, కంటికి భూతద్దం పెట్టి సన్నటి మేకు తిప్పడం నేర్చుకున్నాడు. ఇవాళ అదే దుకాణంలో, అదే బల్ల మీద, ఫోన్ల బోర్డులు విప్పి బాగు చేస్తున్నాడు. ఫోన్లు అమ్మడు, మరమ్మత్తు చేస్తాడు. విప్పగలిగిందే చేతికి తీసుకోవాలన్న అబ్బాజాన్ షరతు తప్పలేదు. కొత్త జమానా సామాను మీద పాత హునర్ వాడాడు. గున్‌పే యోకోయి చేసింది ఇదే. ఈ తర్కీబ్ ఇరవై ఏళ్ల కింద మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. నేను అరవకుండా కూర్చుని మష్వరా చేసి ఉంటే తట్టేదేమో. ఆ శర్మిందగీ నాదే, అబ్బాజాన్‌ది కాదు.

చిన్నోడికి ఇదంతా రెండు రాత్రుల్లో చెప్పాను. "అయితే ఫోన్ కొనవన్నమాట" అన్నాడు. అవును, ఈ ఏడాది కొనను. ఆదివారం మీ చాచా దుకాణంలో కూర్చో, ఒక పాత ఫోన్ విప్పి లోపల ఏముందో చూడు, మళ్లీ బిగించు. అది చేతనయ్యాక ఇంకోసారి మాట్లాడుకుందాం అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. కానీ ఆదివారం పొద్దున నేను లేచేసరికి వాడి చెప్పులు గుమ్మం దగ్గర లేవు.

ఖుదా హాఫిజ్.